మైనం దిమ్మల్లో దెయ్యం

హేతువాదం పేరిట నేను ఎందరినో సభల్లో చిత్తు చేశాను. చిత్తుగా ఓడింది మాత్రం ఒక్కసారే, అదీ నా చేతిలో నేనే. వినండి, తీరిగ్గా నవ్వుకోండి.

డెబ్భైల చివర్లో, విశాఖలో సముద్రం కనిపించే కొండ మీద మా ప్రయోగశాల. అందులో ఓ చిన్న యాక్సిలరేటర్. భార హైడ్రోజన్ కణాలను లోహపు బిళ్ల మీదికి విసిరి న్యూట్రాన్లను పుట్టించేది. పుట్టగానే అవి అచ్చోసిన ఆంబోతుల్లా పరుగెత్తేవి. మైనం దిమ్మల గుట్టలో పడ్డాక, పెళ్లిభోజనం చేసిన వియ్యంకుల్లా నెమ్మదించేవి. ఆ నెమ్మది న్యూట్రాన్లే మాకు కావాలి.

ఆ గదిని శ్మశానం మీద కట్టారని పుకారు. నాతో పరిశోధన చేసే గాజువాక అప్పలనాయుడు దాన్ని నమ్మేవాడు.

"బావా, సాయంత్రం సభలో దెయ్యాల్లేవని ఉపన్యాసమిత్తన్నావ్ గదా. ఈ గదిలో నువ్వే జడుసుకుంతే?"

"సభకే రాను. హేతువాద సంఘం కార్యదర్శి పదవీ వదిలేస్తాను. చాలా?"

యంత్రం నడుస్తుండగా కరెంటు పోయింది. తుఫాను మబ్బుకి మధ్యాహ్నమే గది నల్లబడింది. యంత్రం ఆగితే న్యూట్రాన్లూ ఆగాలి. కిరణాలు తగిలితే టిక్కుమనే గీగర్ కౌంటర్, బ్యాటరీతో నడిచేది, పట్టుకుని ఇద్దరం లోపలికి వెళ్లాం.

టిక్.

టిక్ టిక్.

"ఏటది?"

"ఏమీ లేదు."

గుట్ట వైపు అడుగేస్తే టిక్కులు పళ్లు కొరికినట్టు ముమ్మరించాయి. వెనక్కి తగ్గితే పలచబడ్డాయి. ఎవరూ లేని గదిలో ఎవరో మా అడుగులు లెక్కపెడుతున్నారు. కాసేపటికి టిక్కుకీ టిక్కుకీ మధ్య ఎడం పెరగసాగింది, ఆఖరి ఊపిరి తీస్తున్నట్టు.

"బావా, అది మల్లీ సచ్చిపోతంది!"

"ప్రతిదానికీ కారణం ఉంటుంది నాయుడూ," అంది నా నోరు. నా కుడిచెయ్యి మాత్రం నన్నడక్కుండా ఎడమ జబ్బ మీదికి పాకింది. అక్కడ ఏమీ తగల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున ఈ గదిలోనే చొక్కా చేతులు మడుస్తుంటే నాయుడు వస్తున్న చప్పుడైంది. అమ్మ కట్టిన వెండి తాయెత్తు వాడి కంటబడితే నా పరువేం కాను? విప్పి దిమ్మల సందులోకి తోసేశాను. నెమ్మది న్యూట్రాన్లు చొరబడితే వెండి కొన్ని నిమిషాలు కిరణాలు చిమ్ముతుంది. ఏ దెయ్యం నుంచి కాపాడమని తడుముకున్నానో, ఆ దెయ్యం అదే!

టిక్కులు పూర్తిగా అణిగాక నాయుడు పటకారుతో నల్లతాడు పట్టి బయటికి లాగాడు.

"ఇదేటి బావా? ఎవులిది?"

"దెయ్యానిది."

వాడు నా జబ్బ మీది నల్లటి తాడు గుర్తు చూశాడు. "మరి సభకి?"

"నువ్వే వెళ్లు."

వెళ్లాడు. "దెయ్యాన్ని నాను సూసినానర్రా! నల్లతాడు కట్టుకుని మైనంలో దాక్కుంది!" అన్నాడట. జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వి, నేను వదిలేసిన కార్యదర్శి పదవికి వాణ్నే ఎన్నుకున్నారు.

ఆ రోజే సముద్రం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో మళ్లీ తాయెత్తు కట్టను. కట్టినా, వెండిది కట్టను.