అవ్వ సాగనంపిన బండి

మా అవ్వను నేను ఒక్కసారి "అమ్మా" అని పిలిచాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునే అలవాటున్నదాన్నే, అందులో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో "బండి పొద్దున్నే బయల్దేరింది. ఎండ ఎక్కువ" అని మాత్రం ఉంది.

రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదుకు వెళ్ళిపోయిన మరుసటి ఏడు మాట ఇది. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. నంద్యాలలో మా నాయనకు నూనెగింజల అంగడి ఉండేది. స్కూలు ఫైనలు అయిపోయాక నేను ఇంట్లోనే ఉంటూ, నాయన లైబ్రరీ నుంచి తెచ్చిపెట్టే పుస్తకాలు చదువుకుంటూ కాలం గడిపేదాన్ని. నలుగురిలో నోరు తెరిచేదాన్ని కాదు. చుట్టాలు వస్తే గోనెల గదిలోకి పోయి వాళ్ళు వెళ్ళేదాకా పుస్తకంతో కూర్చునేదాన్ని. ఆళ్ళగడ్డలో అవ్వకు కళ్ళకు పొర కమ్మి మనుషులు నీడల్లా కనబడుతున్నారని తెలిసి, మా అత్తకు చేతిసాయంగా నన్ను పంపారు. అది అమ్మ పుట్టిల్లు. అక్కడ అవ్వ, మామ, అత్త, అంతే. అడిగేవాళ్ళు లేని ఇల్లని నాకు సంతోషమే అయింది.

కానీ ఆ ఇంట్లో ఇంకొక మనిషి ఉండేది. మా అమ్మ చెల్లెలు. నేను ఎన్నడూ చూడని చిన్నమ్మ. నేను పుట్టిన ఏడు, చుట్టుపక్కల వాళ్ళతో కలిసి బండ్లు కట్టుకుని అహోబిలం తిరునాళ్ళకు వెళ్ళింది. దిగువ అహోబిలం నుంచి ఎగువ గుడికి అడవిలో నడుస్తూ, కాలిలో ముల్లు దిగిందని ఒకచోట ఆగిందట. ముందు పోయినవాళ్ళు తిరిగి చూస్తే ఆ మలుపులో ఎవరూ లేరు. చెంచులు కూడా వెతికారు. చీర పేలిక సైతం దొరకలేదు. చనిపోయిందని ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి కర్మ చేయలేదు. బతికి ఉందని కూడా ఎవరూ అనలేదు. ఆమె ఫోటో ఒక్కటీ లేదు. ఆమె ఎలా ఉండేదో నాకు తెలిసింది ఆళ్ళగడ్డ మనుషులు నన్ను చూసి ఆగిపోయే తీరు వల్లనే. ఒకరోజు గాజులమ్మి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, కొలత అడగకుండానే సరిపోయే గాజులు తీసి, తొడుగుతూ తొడుగుతూ ఆగి, "ఈ చేతికి నేను ఇంతకుముందు తొడిగిండా" అంది. తర్వాత తలెత్తి అత్తను చూసి, గాజుల మలారం సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆళ్ళగడ్డ వైపు ఊళ్ళలో దేవుడి పెళ్ళికి మనుషులను పిలవడానికి దేవుడే వస్తాడు. కనుమ నాడు అహోబిలంలో బయల్దేరిన నరసింహస్వామి పల్లకి ఊరూరా తిరిగి, ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి అందరినీ రమ్మని చెప్పి తిరిగి కొండకు చేరుతుంది. పల్లకి ఇంటి ముందుకు వచ్చినప్పుడు మా అవ్వగారింట్లో ఒక పద్ధతి ఉండేది. హారతి పళ్ళెం పట్టిన ఆడమనిషి "వస్తాం సామీ" అనాలి. అంటే ఆ ఇంటి నుంచి ఎవరో ఒకరు వెళ్ళి తీరాలి. చిన్నమ్మ పోయిన ఏడాది నుంచి ఆ మాట ఎవరూ అనలేదు. హారతి ఇచ్చి, టెంకాయ కొట్టి, తల వంచుకుని లోపలికి వచ్చేసేవారు. పల్లకి మోసేవాళ్ళకు కూడా సంగతి తెలుసు, ఆ గడప ముందు ఎక్కువసేపు నిలబడేవారు కాదు.

ఆ ఏడు అత్త ముట్టుతో పెరటి పంచలో కూర్చుని ఉంది. పళ్ళెం నా చేతికి వచ్చింది. హారతి ఇచ్చాను. ముందువైపు మోసే ముసలాయన కదలలేదు. నా ముఖంలోకే చూస్తూ నిలబడిపోయాడు. వెనకవాళ్ళూ కదలలేదు. ఆ చూపు భరించలేక, అది ఎలాగైనా నా మీద నుంచి తొలగిపోవాలని, "వస్తాం సామీ" అన్నాను.

ముసలాయన చెంపలు వేసుకున్నాడు. పల్లకి కదిలింది. నా వెనక గడపలో కూర్చున్న అవ్వ, "ఎవురు మే ఆ మాట అనింది?" అంది.

వీధిలోంచి ఎవరో "మీ మనవరాలే" అని చెప్పారు. అవ్వ "అనింది కదా. ఇంగ పోవాల్సిందే" అంది.

ఆ సాయంత్రం మామ నా మీద విరుచుకుపడ్డాడు. "ముద్ద తినేదానికి కూడా నోరు తెరవనిదానివి, ఈపొద్దే తెరవాల్నా నువ్వు?" అన్నాడు. పెరటి పంచలోంచి అత్త, "దేవుడు పిలిస్తే పాప పలికింది. మీరు పిలిస్తే ఆ ఎద్దు గూడా పలకదు" అంది. మామకు నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. అరుగు మీద కూర్చుని ప్రయాణం ఆలోచన మొదలుపెట్టాడు. తిరునాళ్ళ బస్సుల్లో అవ్వను ఎక్కించలేం, కాబట్టి గూడుబండి. ఎద్దుల్లో ఒకటి కుంటుతోంది, ఉయ్యాలవాడ చుట్టాల దగ్గర ఇంకొకటి అడగాలి. కింద వరిగడ్డి, పైన బొంత. దారికి చిత్రాన్నం, రొట్టెలు, ఊరిబిండి పచ్చడి. తెల్లవారి బయల్దేరి సాయంత్రానికి దిగువ అహోబిలం చేరి, సత్రంలో దిగి, పెళ్ళి చూసి, మర్నాడు వెనక్కి. ఇదంతా చెప్పి చివర అవ్వ వైపు తిరిగాడు. "ఎగువకు మాత్రం ఎవురూ పోయేది లేదు. దానికి ఒప్పుకుంటేనే బండి కడతా" అన్నాడు.

అవ్వ ఒప్పుకుంది. మామ ఏది చెప్పినా ఆమె ఒప్పుకుంటూనే ఉంది. నాకు అదే భయమేసింది.

బయల్దేరే ముందు అమ్మా నాయనలకు చెప్పి రావాలని నేను నంద్యాల వెళ్ళాను. అమ్మ చేట పట్టుకుని శనగలు చెరుగుతోంది. అహోబిలం అనగానే చేట ఆగింది. వస్తామని ఎవరన్నారని అడిగింది. నేనే అన్నానని చెప్పాను. నన్ను కొత్తగా చూసినట్టు చూసి మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. వద్దనలేదు. తానూ వస్తానని అనలేదు. మర్నాడు నేను బస్సెక్కి కూర్చున్నాక కిటికీ దగ్గరికి వచ్చి, ఆ దోవలో వెనక నుంచి ఎవరు పిలిచినా పలకవద్దని, ఎంత తెలిసిన గొంతైనా సరే పలకవద్దని చెప్పింది. శిరివెళ్ళ దాటాక ఎడమపక్క నల్లమల బస్సుతోపాటే నడిచి వస్తున్నట్టు అనిపించింది. నేను రెండోవైపు కూర్చోవలసింది.

ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం అవ్వ తన పాత పెట్టె తీయించింది. అడుగున వేపాకుల మధ్య ఒక చీర ఉంది. కుంకుమరంగుకు పసుపు అంచు. ఒక్కసారి కూడా కట్టనిది. మడతల దగ్గర పోగులు తెగుతున్నాయి. చిన్నమ్మను చూడడానికి పెళ్ళివారు వస్తున్నారని కొన్న చీర అది. తిరునాళ్ళయిన మర్నాడే రావాలి వాళ్ళు. దాన్ని నన్ను కట్టుకోమంది. కట్టుకుని వెళ్ళి ముందు నిలబడ్డాను. అవ్వ అంచు మీద వేళ్ళు నడిపి, పైకి చూసింది. ఆ కళ్ళకు నేను ఎంత కనబడ్డానో, ఎవరిలా కనబడ్డానో తెలియదు. అత్త వాకిట్లో గొడ్లకు కుడితి పెడుతోంది. గదిలో మేమిద్దరమే. అప్పుడు చెప్పింది అవ్వ, ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది.

"చూపులకు వచ్చేటోళ్ళు వస్తాంటే తిరునాళ్ళేంది, వద్దంటి. మీ తాత పోనీలే అనె. నాకు కోపం. పొయ్యి కాడ కూచున్నా. అది వాకిట్లో నిలబడి, అమ్మా పోయొస్తా అనె. నేను తిరగలే. మళ్ళా అనె. కట్టె ఎగదోసుకుంటా కూచున్నా. పోయిరా అంటే అయిపోయేది."

అంచు వదిలి నా చెయ్యి పట్టుకుంది.

"కండ్లు పూర్తిగా పోకముందే ఆ దోవ కాడికి పోవాల. ఆ మాటకు జవాబు ఇయ్యాల. మీ మామ ఎగువకు రానీడు. రానీకుంటే దిగువనుంచే అరుస్తా."

మా అవ్వ అహోబిలం ఎందుకు వెళ్ళాలనుకుంటోందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలిసింది. చీర విప్పబోతే వద్దంది. రేపు అదే కట్టుకుని రమ్మంది.

మర్నాడు ఎద్దులను కట్టారు. అత్త ముందు ఎక్కి బొంత సర్దింది. మామ అవ్వ చెయ్యి పట్టుకుని తీసుకురావడానికి లోపలికి వెళ్ళి, ఒక్కడే తిరిగి వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. రానంటోందని చెప్పాడు. ఇంత చేసి ఇప్పుడు రానంటే ఏమనుకోవాలని అత్త గొణిగింది. నేను లోపలికి వెళ్ళాను. అవ్వ పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని ఉంది. పొయ్యిలో నిప్పు లేదు.

"అది అడిగింది ఈడ, ఆడ కాదు," అంది నన్ను చూడకుండానే. "నేను ఆడికి పోయి చెప్తే ఎట్ల తెలుస్తాది? మీరు పోండి. మాట ఇచ్చినారు కదా."

ఏం చేయాలో నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరినైనా అడిగే అలవాటు నాకు లేదు. వాకిట్లోకి వచ్చి, చిన్నమ్మ నిలబడి ఉంటుందనుకున్న చోట నిలబడ్డాను. బండి దగ్గర మామ ఎద్దులను అదిలిస్తున్నాడు. నా గొంతు వాళ్ళకు వినబడదు. లోపలికి వినబడితే చాలు. "అమ్మా, పోయొస్తా" అన్నాను.

పీట జరిగిన చప్పుడు వచ్చింది. అవ్వ గోడ పట్టుకుంటూ, తలుపు తడుముకుంటూ గడప దాకా వచ్చింది. ఆమె అన్నది అంతా కలిపి ఒక్క మాటంత ఉంటుంది. దాన్ని ఇక్కడే రాసేస్తే తర్వాత చెప్పవలసింది చెప్పలేను.

పక్కింటామెను అవ్వకు తోడు ఉంచి బయల్దేరాం. మామ చెప్పినట్టే అంతా జరిగింది. సాయంత్రానికి దిగువకు చేరాం, పెళ్ళి చూశాం. తలంబ్రాలు పడుతుంటే అత్త ఏడ్చింది. మర్నాడు పొద్దున బండి కట్టే ముందు అత్త కాళ్ళు కడుక్కుంటానని భవనాశి వాగులోకి దిగింది. నేను గట్టు మీద నిలబడ్డాను. ఎగువకు పోయే దోవ అక్కడే చెట్లలోకి దూరుతుంది. ఎండ బయటే ఆగిపోయి, లోపల పచ్చటి చీకటి. నాలుగడుగులు వేశాను. ఆ చీకట్లో ఎవరో ముల్లు తీసుకుంటూ వంగి ఉన్నారని నమ్మకం కలిగింది. ఇంకొంచెం పోతే చూస్తాను. చూడాలని నాకు ఉంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకున్నాను కూడా.

దోవ పక్కన పూలు అమ్మే ముసలామె బుట్ట ముందు కూర్చుని నన్నే చూస్తోంది. "ఇంతసేపు యాడ పోతివి మే?" అంది, చాలా మామూలుగా. "మీ వాళ్ళు నిన్ను ఎతికి ఎతికి పోయిరి కదా."

మా బండి వెనక కనబడుతూనే ఉంది. అత్త వాగులోనే ఉంది. నన్ను ఎవరూ వెతకలేదు. ఆమె ఎవరిని గురించి అంటోందో అడగలేదు. అడిగితే చెబుతుందని భయం. అప్పుడు గడపలో అవ్వ అన్న మాట చెవిలో పడింది. ఆ మాట పట్టుకునే వెనక్కి తిరిగి, పరుగులాంటి నడకతో వచ్చి, తడికాళ్ళతో గట్టెక్కుతున్న అత్త కొంగు పట్టుకున్నాను. ఏందీ అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఇంటికి చేరేదాకా కొంగు వదలలేదు.

మేము వచ్చేసరికి అవ్వ మంచంలో ఉంది. ఆ ముందు సాయంత్రం నోరు పడిపోయిందని పక్కింటామె చెప్పింది. నేను పక్కన కూర్చుంటే నా చెయ్యి అందుకుని, గాజులు ఒక్కొక్కటీ తడిమింది. ఏదో చెప్పాలని ప్రయత్నించలేదు. ముఖం ఎన్నడూ లేనంత తేటగా ఉంది. ఉగాది దాకా ఉండలేదు.

ఆ చీర ఇప్పుడు నంద్యాలలో, నా పెట్టెలో ఉంది. అమ్మ ఒకసారి చూసింది, ఎక్కడిదని అడగలేదు. గడపలో నిలబడి అవ్వ అన్నది నాతోనో, నా చోట నిలబడిన ఇంకొకరితోనో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కానీ ఆ దోవలోంచి నన్ను వెనక్కి తెచ్చింది అదే కాబట్టి, నాతో అన్నట్టే దాచుకున్నాను. ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చెయ్యి గాలిలో నా వైపు చాచి, అంది:

"పోయిరా మే. ఎనకబడాకు, అందురితో కలిసి నడువు."