అద్దాల మేడం

ఏలూరులో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పిన రోజుల్లో సుధామయిని పిల్లలు చాటుగా ‘అద్దాల మేడం’ అనేవారు. కళ్లజోడు వల్ల కాదు. బ్రిటన్‌లో ఆడవాళ్లు ఓటు కోసం చేసిన పోరాటం పాఠం వచ్చిందంటే చాలు, ఆవిడకు పూనకం వచ్చేది. 1912లో పెద్దింటి ఆడవాళ్లు చలికి చేతులు దాచుకునే బొచ్చు తొడుగుల్లో సుత్తులు పెట్టుకొచ్చి, లండన్ షాపుల అద్దాలు భళ్లున పగలగొట్టిన వైనం చెబుతుంటే, వెనక బెంచీలో కునికే పిల్లలు కూడా కళ్లు విప్పార్చుకుని వినేవారు. "కాస్త నెమ్మదమ్మా, మన కిటికీలు కొత్తవి" అని ప్రిన్సిపాల్ గారు ఒకసారి గుమ్మంలోకి వచ్చి మరీ అన్నారు.

అలాంటి మనిషి పెళ్లయి కెనడా వచ్చి, సార్నియాలో నలభై ఏళ్లుగా పాల ప్యాకెట్టుకు వెళ్లాలన్నా మొగుడి వంక చూస్తూ బతికిందంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మాలి మరి.

పోనీ అనంత్ గారు చెడ్డవారా అంటే, అబ్బే, ఆ మాట అంటే సుధామయే ఊరుకోదు. పెట్రోకెమికల్ ప్లాంట్‌లో ఇంజనీరు. గొంతు పెంచి మాట్లాడి ఎరగరు. ఆ ఊళ్లో బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. కారు లేనిదే గడప దాటలేం. అందుకే వచ్చిన కొత్తలో ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుంటానంది. బయట రోడ్డంతా మంచు గడ్డకట్టి ఉంది.

"ఈ ఐస్‌లో నీకెందుకు సుధా ఆ తిప్పలు? నేనున్నాగా!" అన్నారాయన.

ఎంత ముద్దుగా అన్నారో! కొత్త పెళ్లికూతురు, ఊరు కాని ఊరు, ఆ మాటకు పొంగిపోయింది. తర్వాత బ్యాంకుకు వెళ్లాలన్నా నేనున్నాగా, డాక్టరుతో మాట్లాడాలన్నా నేనున్నాగా. ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ ఇంట్లో ఉండిపోయింది.

ఒకసారి మాత్రం ఊళ్లో కాలేజీవాళ్లు సాయంత్రం క్లాసు చెప్పమని పిలిచారు. అదీ సరిగ్గా ఆ పాఠమే. సుధామయికి కాళ్లు నేల మీద నిలవలేదు. "దింపడానికి నేనున్నాగా" అన్నారు అనంత్ గారు. మొదటి వారం దింపారు. రెండో వారం ప్లాంట్‌లో షిఫ్ట్ మారింది. ఆ పై వారం ఏదో మెషీన్ ఆగిపోయి ఆయన ఇంటికే రాలేదు. చివరికి ఆవిడే ఫోన్ చేసి, నాకు కుదరదండీ అని చెప్పేసింది. ఆయన నిజంగా బాధపడ్డారు. మర్నాడు తనే ఉప్మా చేసి పెట్టారు పాపం.

మళ్లీ ఆ పాఠం ఊసు వచ్చింది ఈ అక్టోబరులోనే. ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే కావ్యశ్రీ నల్లగొండ పిల్ల, కాలేజీలో చదువుతూ కిరాణా స్టోర్‌లో పార్ట్‌టైమ్ చేస్తోంది. లైబ్రరీకి వెళ్లినప్పుడు "మా ఓనర్ ఆంటీ పెద్ద లెక్చరర్" అని గొప్పలు పోయింది. అక్టోబరు ఇక్కడ ఆడవాళ్ల చరిత్ర నెల. సెనేట్‌లో కూర్చోవడానికి ఆడవాళ్లు కూడా ‘పర్సన్స్’ కిందికే వస్తారని 1929లో, అప్పట్లో కెనడాకు ఆఖరి కోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్ తీర్పిచ్చింది ఆ నెలలోనే. లైబ్రరీవాళ్లు సుధామయిని ఒక సాయంత్రం గంటసేపు మాట్లాడమన్నారు.

"అంటే లండన్ దొరలు చెప్పేదాకా ఇక్కడ ఆడవాళ్లు మనుషులు కారా ఆంటీ?" అంది కావ్యశ్రీ, నోరు తెరిచి.

"అదేగా మరి పాఠం!" అంది సుధామయి.

ఇక చూడాలి సంబరం. కావ్యశ్రీ ఉల్లిపాయలు తరుగుతుంటే ఆవిడ గరిటె ఊపుతూ లండన్ వీధుల్లో తిరిగేది. డెబ్బై దాటిన మనిషికి ఇదే ఆఖరి అవకాశమని ఆవిడకూ తెలుసు. "దింపడానికి నేనున్నాగా" అన్నారు అనంత్ గారు, మళ్లీ.

ఆ సాయంత్రం వెంకటగిరి చీర కట్టి, పైన కోటు వేసుకుని బయటికొచ్చేసరికి ఆయన తాళాలు పట్టుకుని కారు పక్కన నిలబడి ఉన్నారు. తలుపు తియ్యలేదు.

"సుధా, నాకు లైసెన్సు లేదు."

ఎనభై నిండాయి, రెన్యువల్‌కు కళ్లు పరీక్ష చేశారట. చూపు ఆనలేదట. కారు రిపేరుకొచ్చిందని రెండు వారాలుగా పాలూ కూరలూ కావ్యశ్రీతో తెప్పించింది అందుకన్నమాట.

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"నువ్వు అంత హుషారుగా ఉన్నావు. ఈ ఒక్కసారికి ఎలాగో నడిపేద్దామనుకున్నా. ఇప్పుడు చూస్తే రోడ్డు మసకమసగ్గా ఉంది. నీకేమైనా అయితే?"

తిట్టాలనిపించింది. ఆ ముఖం చూసి తిట్టలేకపోయింది. ట్యాక్సీకి ఫోన్ చేస్తే, హాకీ మ్యాచ్ రద్దీ ఉంది, ఆలస్యమవుతుందన్నారు. కోటు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది. ట్యాక్సీ వచ్చి, లైబ్రరీ చేరేసరికి కుర్చీలు సర్దుతున్నారు. మిగిలింది ముగ్గురే.

అయినా చెప్పింది. ఊపిరి తీసుకోకుండా చెప్పింది. పెళ్లయిన ఆడది తన ఆస్తి తన పేర ఉంచుకోవడానికి ఎంతకాలం కొట్లాడిందో చెప్పింది. అద్దాలు పగలగొట్టింది. జైళ్లలో నిరాహార దీక్షలు దాటింది. 1918కి వచ్చి, ముప్పై ఏళ్లు నిండాలి, ఇల్లో వాకిలో ఉండాలి, అప్పుడే ఓటు, అంటే సగం మందికి వచ్చింది సగం హక్కేనని చెబుతుండగా లైట్లు ఒక్కొక్కటే ఆరాయి. మగవాళ్లతో సమానంగా ఓటొచ్చిన 1928 మిగిలిపోయింది.

"మిగతాది ఇంకోసారి విందామండీ" అంది లైబ్రేరియన్, మర్యాదగానే.

కోటు అందిస్తూ ఒక తెల్లజుట్టు ముసలావిడ ఇంగ్లీషులో అడిగింది, "ఇంత బాగా చెబుతారే, ఇన్నాళ్లూ ఎందుకు మానేశారు? మీవాళ్లు వద్దన్నారా?"

"ఎవరూ వద్దనలేదు" అంది సుధామయి. ఆ మాట నిజం. నిజం కాబట్టే ట్యాక్సీలో ఏడుపు ఆగలేదు. ఎవర్నని నిందించాలి? ఎన్ని క్లాసులు, ఎంతమంది పిల్లలు, అన్నీ పోయాయి, ఒక్కరూ కాదనకుండానే పోయాయి.

ఇంట్లో అనంత్ గారు మేలుకునే ఉన్నారు. పొయ్యి మీద ఉప్మా.

"ఎలా జరిగింది?"

"సగం చెప్పాను."

"నా వల్లే."

"అవును, మీ వల్లే" అంది సుధామయి. ఇన్నేళ్లలో ఆ మాట అనడం మొదటిసారి. మళ్లీ తనే, "నా వల్ల కూడా" అంది.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన కావ్యశ్రీ వంటింటి బల్ల దగ్గర ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతోంది. అవతల ఆమెకు కాబోయేవాడు సాయి తేజ, వాన్ అనే ఊళ్లో వేర్‌హౌస్ సూపర్‌వైజరు. ఈ పిల్ల డ్రైవింగ్ టెస్ట్ రెండుసార్లు తప్పింది, వచ్చేవారం మళ్లీ ఉంది.

"ఎందుకే నీకా టెన్షన్? క్యాన్సిల్ చెయ్. పెండ్లయినంక యాడికి పోవాలన్నా నేనున్నగా!"

పిల్ల ముఖం విప్పారింది. ఫోన్ పెట్టేసి సిగ్గుపడుతూ, "చూసిండ్రా ఆంటీ, ఎంత మంచోడో! క్యాన్సిల్ చేసేస్తా" అంది.

సుధామయి కోటు విప్పనైనా విప్పకుండా వచ్చి ఆ పిల్ల ఎదుట కూర్చుంది.

"మంచివాడే తల్లీ. మా ఆయన కూడా చాలా మంచివారు."

"మరింకేంది ఆంటీ?"

"చెడ్డవాడైతే నేను చెప్పక్కర్లేదు. అద్దం పగలగొట్టుకుని నువ్వే బయటికొస్తావు. మంచివాడు కాబట్టే చెప్తున్నా. టెస్టుకి వెళ్లు."

పొయ్యి దగ్గర అనంత్ గారి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన ఇటు తిరక్కుండానే అన్నారు, "వెళ్లమ్మా."