ఎర్రనీళ్ళ బోరింగు

మెటలర్జీ నేను కోరి తీసుకున్నది కాదు. తొంభైల చివర్లో ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి వెళ్ళినప్పుడు కంప్యూటర్స్ అడుగుదామనుకున్నాను. నా వంతు వచ్చేసరికి అది అయిపోయింది. టేబుల్ వెనకున్నాయన నా కాగితాల్లో ఊరి పేరు చూసి, "ఏజెన్సీయా? మెటలర్జీ ఉంది, రాసుకోనా? మీకు ఏదైతేనేం, సీటు సీటే కదా" అన్నాడు. పక్కన మా అయ్య నిలబడి ఉన్నాడు. మెటలర్జీ అంటే ఏమిటో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. "రాసీయండి బాబూ" అన్నాడు అయ్య, ఆ మనిషి మనసు మార్చుకుంటాడేమోనన్న భయంతో.

తరవాత ఎంటెక్ సీటు దగ్గర, ఉద్యోగాల దగ్గర అందరూ ఒకటే అడిగారు. కొండల నుంచి వచ్చిన ఆడపిల్లవి, ఈ ఇనుము గొడవ నీకెందుకమ్మా అని. ఆసక్తి అని చెప్పమని స్నేహితురాళ్ళు నేర్పారు. నేను కోపం అని చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. నేను నవ్వులాటకి అనలేదు.

మా ఊరు పెదబయలు అవతల. జీపు దిగి కొండెక్కాలి. ఊరి దిగువన గెడ్డ, అంటే కొండవాగు. నేను ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నప్పుడు, ఒక వేసవి సెలవులకి వచ్చి చూస్తే ఊరి నడుమ బోరింగు వేసి ఉంది. అమ్మ దానికి పసుపు రాసి, దండం పెట్టి, మొదటి బిందె పట్టింది. గెడ్డ దాకా దిగి ఎక్కే పని తప్పిందని ఆడవాళ్ళు ఆ రోజంతా దాని చుట్టూనే తిరిగారు. మా చెల్లి హ్యాండిల్ అందక ఎగిరి పట్టుకుని వేలాడేది.

మరుసటి వేసవికి నీళ్ళు ఎర్రబడ్డాయి. పొద్దున్నే కొట్టిన నీళ్ళు ఎర్రమట్టి కలిపినట్టే ఉండేవి. ఆ నీళ్ళతో వండితే అన్నం రంగు మారేది. చోడంబలి, అదే రాగి జావ, తాగితే కత్తి నాకినట్టుండేది. నా స్కూలు చొక్కా ఉతికితే మరకలు పడి, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఊరివాళ్ళు సంతకెళ్ళినప్పుడల్లా మండలం ఆఫీసులో చెప్పి వచ్చేవారు. ఎవరూ రాలేదు. ఆడవాళ్ళు మళ్ళీ బిందెలు పట్టుకుని గెడ్డకే దిగారు.

ఆ వానాకాలం గెడ్డ పొంగింది. ఎగువ ఊళ్ళ మురికంతా దాంట్లోనే వచ్చింది. ఇంటింటా వాంతులు, విరేచనాలు. చెల్లిని డోలీ కట్టి మోసుకెళ్ళారు. జీపు దొరికే చోటికి చేరకముందే చనిపోయింది. నాకు కబురు వచ్చి, హాస్టల్ నుంచి బయలుదేరి ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. అమ్మ నన్ను చూసి ఏడవలేదు. "నువ్వు ఆ గెడ్డ నీల్లు తాగకు, కాసి ఇత్తాను" అంది.

అప్పుడొచ్చాడు ఆఫీసరు. వెంట నలుగురు మనుషులు, బ్లీచింగ్ పౌడర్ సంచి. ఊరివాళ్ళందరినీ కూర్చోబెట్టి, తాను కుర్చీలో కూర్చున్నాడు.

"లక్షణంగా బోరు వేయించాం. అయినా మీరు గెడ్డ నీళ్ళే తాగుతారు. ఏమనాలి మిమ్మల్ని?"

అయ్య లేచి నిలబడ్డాడు. బిడ్డను పూడ్చిపెట్టి వారం కూడా కాలేదు. "బోరింగు నీల్లు ఎర్రగ వత్తన్నాయి బాబూ. నోట్లో ఎట్టుకుంటే ఇనప కంపు. పిల్ల గుంటలు తాగనేకపోతన్నారు."

"ఇనుమైతే మంచిదేగా! రక్తం పడుతుంది" అన్నాడు ఆఫీసరు. వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులు ఆగాక ఆయన పక్కమనిషి వైపు తిరిగి, మాకు వినబడేలాగే, "బోరులో దయ్యం ఉందనో, దేవత వద్దందనో అనుకుంటారయ్యా వీళ్ళు. మూఢనమ్మకం. మనమేం చెయ్యగలం" అన్నాడు.

దయ్యమని, దేవతని ఆ రోజు మా ఊళ్ళో ఒక్కరు కూడా అనలేదు. అయ్య చెప్పింది ఇనుము గురించి. నేను అక్కడే కూర్చుని అంతా విన్నాను. అయ్య కూర్చున్నాడు. ఆయన భుజం మీద తువ్వాలు కిందపడితే తీసుకోను కూడా లేదు.

బీటెక్‌లో నా చదువు నత్తనడక. పాఠాలన్నీ ఇంగ్లీషులో. క్లాసులో ఉన్న కొద్దిమంది ఆడపిల్లల్లో నేనొకదాన్ని, కొండల నుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఎదురుగా ఎవరూ ఏమీ అనేవారు కాదు. మార్కులు తక్కువొస్తే అంతే కదా అన్నట్టు చూసేవారు. ఎక్కువొస్తే కాపీ కొట్టానన్నట్టు చూసేవారు. ఆ రెండో చూపు మీద కసితోనే చదివాను.

మూడో సంవత్సరంలో తుప్పు గురించి పాఠం మొదలైంది. ఇనప పైపు తుప్పు పట్టకుండా దాని మీద జింకు పూత వేస్తారని, అదే జిఐ పైపు అని మాస్టారు చెప్పారు. మామూలు నీళ్ళలో ఆ పూత ఏళ్ళతరబడి నిలుస్తుంది. నీళ్ళలో ఆమ్లగుణం ఉంటే మాత్రం జింకు తొందరగా కరిగిపోతుంది, ఆ తరవాత నీళ్ళు ఇనుమును తినేస్తాయి, రాత్రంతా పైపులో నిలవున్న నీళ్ళు పొద్దున ఎర్రగా వస్తాయి. బోర్డు మీద సమీకరణం రాసి, "ఇది పరీక్షలో వస్తుంది" అన్నారాయన.

నేను పెన్ను కింద పెట్టేశాను. పొద్దున ఎర్రగా వస్తాయి. మా ఊరి బోరింగు సంగతి ఆయన బోర్డు మీద రాసేశారు. అందరూ రాసుకుంటున్నారు. నాకు ఒళ్ళంతా మంటెత్తింది. మా చెల్లి గెడ్డ నీళ్ళు తాగింది దయ్యానికి భయపడి కాదు. కరిగిపోయే పైపు దింపి, తాగలేని నీళ్ళిచ్చి, తాగలేదని తిట్టారు మమ్మల్ని.

ఎంటెక్‌లో చేరాక ప్రాజెక్టుకి ఏం తీసుకుంటావని మా గైడు అడిగారు. విమానాలకి వాడే మిశ్రమ లోహాల మీద ఆయన పని. చెడ్డవారు కాదు. మా కొండల బోరింగు పైపుల మీద చేస్తానన్నాను.

"అది పరిశోధన కాదమ్మా, ప్లంబింగ్" అన్నారు.

"మనుషులు చనిపోయిన ప్లంబింగ్ సర్."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. ఇంకో విద్యార్థి అయితే బయటికి పొమ్మనేవారేమో. "సరే, చెయ్యి. కానీ పేపర్లు రావు, పేరు రాదు, తరవాత నన్ననకు" అన్నారు.

సెలవులకి వెళ్ళి మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను. పాడైన బోరింగుల నుంచి పీకి పడేసిన పైపులు పొదల్లో, పశువుల పాకల పక్కన దొరికాయి. ఒక ఊళ్ళో వాటితో పందిరి వేసి చిక్కుడు పాదు పాకించారు. చాలా పైపులు, ఒకదానికొకటి బిగించడానికి మరలు కోసిన చోటే చిల్లులు పడి విరిగాయి. మరలు కోసినప్పుడు పూత పోతుంది, లోపలి ఇనుము బయటపడుతుంది. హేక్సా బ్లేడుతో ముక్కలు కోసి, గోనెసంచిలో వేసుకుని, జీపులో, బస్సులో, రైల్లో కాలేజీకి చేర్చాను. బస్సు కండక్టరు సంచి విప్పించి, "ఈ తుక్కు ఏటి సేసుకుంటావమ్మా?" అని అడిగాడు. సదువుకుంటాను అన్నాను. అతను సంచి వెనకసీటు కిందికి తోశాడు.

ల్యాబులో ఆ ముక్కల్ని నున్నగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. జింకు పూత ఒక తెల్లని గీతలా కనిపించాలి. కొన్నిటిలో అక్కడక్కడా తెగిన దారప్పోగులా ఉంది, చాలావాటిలో అసలు లేదు. మా ఊరి నీళ్ళు పరీక్షిస్తే అనుకున్నట్టే ఆమ్లగుణం తేలింది. పొద్దున్నే మొదట కొట్టిన నీళ్ళలో ఇనుము ఎక్కువ, చాలాసేపు కొట్టి పోశాక బాగా తక్కువ. అంటే ఇనుము భూమిలోది కాదు, పైపుది. గైడు ఫలితాలన్నీ మళ్ళీ మొదటినుంచి చూశారు. చివరికి "ఇది పక్కాగా ఉంది" అన్నారు. ఆ నీళ్ళకి జిఐ పైపు పనికిరాదని, ప్లాస్టిక్ పైపులు గానీ స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ వెయ్యాలని థీసిస్‌లో రాశాను.

వైవాకి బయటి నుంచి వచ్చినాయన ఒకప్పుడు నీటి సరఫరా పనుల్లో ఇంజినీరుగా చేసి, తరవాత పాఠాలు చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. మంచి ప్రశ్నలే వేశాడు. చివర్లో టీ కప్పు పక్కన పెట్టి, "బాగా చేశావమ్మా. కానీ ఇందులో కొత్తేముంది? ఆ కొండల్లో జిఐ నిలబడదని మాకు ఎప్పుడో తెలుసు" అన్నాడు.



"ఎప్పుడు తెలుసు సర్?"

"మేం ఫీల్డులో ఉన్నప్పుడే. రెండో ఏడాదికే పైపులు పోయేవి."

"తెలిసి ఎందుకు వేశారు?"

"మంజూరైనవి అవే కదా. ఒక్కో ఊరికి ఒక్కో పైపు ఎక్కడ తెస్తాం? వెయ్యకపోతే ఏమీ వెయ్యలేదంటారు."

ఆయన గొంతులో తప్పు చేసిన జంకు లేదు. వాన గురించో, ఎండ గురించో చెప్పినట్టు చెప్పాడు. ఆ రోజు మా ఊరొచ్చిన ఆఫీసరు తెలియక వాగాడనుకుంటూ ఇన్నాళ్ళూ నా కోపాన్ని కొంతైనా అదుపులో పెట్టుకున్నాను. ఆ క్షణంలో ఆ అదుపు పోయింది.

"గెడ్డ నీళ్ళు తాగి చనిపోయేనాటికి మా చెల్లికి ఏడేళ్ళు సర్. మీకు తెలిసిన సంగతి మాకు చెప్పి ఉంటే, పొద్దున ఎర్రనీళ్ళు పారబోసి తరవాతి నీళ్ళు పట్టుకునేవాళ్ళం. మీరు చెప్పలేదు. పైపు మార్చలేదు. పైగా మాది మూఢనమ్మకం అన్నారు."

"నేనన్నానా?"

"మీలాంటివాళ్ళే అన్నారు."

గైడు లేచి, "సర్‌కి సారీ చెప్పమ్మా" అన్నారు. నేను చెప్పలేదు. నా పైపు ముక్కలు ఒక్కొక్కటే తీసి డబ్బాలో పెట్టుకున్నాను. ఒకటి కింద పడింది. దాన్ని వంగి తీసిచ్చింది ఆ పెద్దమనిషే. నావైపు చూడలేకపోయాడు. డిగ్రీ వచ్చింది, గ్రేడు తగ్గింది. తగ్గించింది ఎవరో నేను అడగలేదు.

థీసిస్ పట్టుకుని ఆఫీసులకి తిరిగాను. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. ఆఫీసర్లు మారారు. కొత్తగా వచ్చినాయన చిన్నవాడు, మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, అంతా విని, "మీ ఊరికి ప్లాస్టిక్ పైపులు వేయిస్తానండి. ఈ నెలలోనే. ఇక మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు.

"మిగతా ఊళ్ళకి?"

"చూద్దాం. ముందు మీ ఊరు కానివ్వండి."

నా నోరు మూయించడానికి మా ఊరు చాలనుకున్నాడు. వద్దనాలనిపించింది. కానీ అమ్మ ఇంకా గెడ్డకే దిగుతోంది, మోకాళ్ళ నొప్పులతో. ఒప్పుకున్నాను. మాట ప్రకారం వేయించాడు. నీళ్ళు తెల్లగా వచ్చాయి. అమ్మ ఆ నీళ్ళు తాగి, చెంగుతో మూతి తుడుచుకుని, బిందె అక్కడే వదిలి ఇంట్లోకి వెళ్ళిపోయింది. లోపల చాలాసేపు ఏడ్చింది. అన్నేళ్ళలో అమ్మ ఏడవడం నేను విన్నది అప్పుడే.

ఆ వారం సంతలో గెడ్డ అవతలి ఊరి అత్త ఒకామె నన్ను పట్టుకుంది. పసుపు కొమ్ములు అమ్ముకుంటోంది.

"మీ బోరింగు బాగు సేయించినావంట కదే గుంటా. మావేటి పాపం సేసినాం?"

"నువ్వు వత్తావా అత్తా ఆఫీసుకి? నానొక్కదాన్నీ అడిగితే మా ఊరికి సేసి పంపేసినారు."

"వత్తాను. ఏటని అడగాల?"

నేను చెప్పాను. ఆమె పసుపు మూట పక్కనున్నామెకి అప్పగించి, అటూ ఇటూ కేకలేసి ఇంకొందరిని పిలిచింది. అందరం కలిసి ఆఫీసుకి నడిచాం. గుమస్తా గుమ్మంలోనే ఆపి, ఒకరు లోపలికి రండి చాలు అన్నాడు. "ఒకరొత్తే ఒక ఊరే సేత్తన్నారు బాబూ" అంది అత్త. ఎవరం కదల్లేదు. ఆఫీసరే బయటికి వచ్చాడు. ఆయన మొహంలో మర్యాద తగ్గింది. ఊళ్ళ పేర్లు ఒక్కొక్కరూ గట్టిగా చెబుతుంటే, రాసుకోండని నేను నిలబడ్డాను.

అందులో సగం ఊళ్ళకి మరుసటి వేసవిలో పైపులు మారాయి. మిగతా ఊళ్ళ కోసం అందరం ఇంకా ఆఫీసుకి వెళ్తూనే ఉన్నాం. నేను కింద మైదాన ప్రాంతంలో ఉద్యోగం చేస్తున్నాను, సెలవు పెట్టి వెళ్తాను. ఇంత చదువు చదివి బోరింగుల కోసం తిరుగుతావేమిటని సాటివాళ్ళు అడుగుతారు. వాళ్ళకి సమాధానం చెప్పే ఓపిక నాకు లేదు.