పేరులో దొరికిన వెధవ

నేను మండపేటలో నెట్ సెంటర్ నడిపే రోజులవి. మా బడి పాత విద్యార్థులకు నెట్‌లో ఒక చర్చా గ్రూపు పెట్టాను. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునేవాళ్లం. తిట్లు మితిమీరడంతో, vedava అన్న మాట కనబడితే చాలు మెసేజ్ దానంతటదే మాయమయ్యేలా చేశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వారం తిరక్కుండా, ఆ గ్రూపులోనే ఉన్న మా తెలుగు టీచర్‌గారు సెంటర్‌కి వచ్చారు.

"నేను రాసినవన్నీ తీసేస్తున్నావేంట్రా? ఏం తప్పు రాశానో చెప్పొద్దూ?" అని నిలదీశారు.

అక్కడే కూర్చోబెట్టి మళ్లీ రాయించాను. అందరినీ కుశలమడిగి, కింద తన పేరు కొట్టారు: Vedavati. మెసేజ్ మాయం!

నీళ్లు నములుతూ అసలు సంగతి చెప్పాను. సెంటరంతా గొల్లుమంది.

"అరవై ఏళ్లుగా నా పేరు వేదవతేరా. అందులో వెధవ నీకొక్కడికే కనబడ్డాడు" అన్నారావిడ.

సిగ్గుతో చచ్చి, ఆవిడ ముందే గ్రూపులో రాశాను: "టీచర్‌గారూ, మన్నించండి. ఇకపై ఏది తీసినా ఎందుకు తీశానో అందరికీ చెబుతాను. అసలు vedava నేనే."

అదీ మాయమైంది.

టీచర్‌గారు కళ్లద్దాలు సర్దుకుని, "ఈసారి సరైనవాణ్ణే పట్టుకుందిరా!" అన్నారు.