జమున అడిగిన నీళ్లు

జంగుబాయిది ఆదిలాబాద్ వైపు గోండు గూడెం. మగ్గాల పనికి మగడు సూరత్ వస్తే వెంట వచ్చింది. అక్కడి నవాగామ్ వాడలో ఒంటిగదిలో ఉంటూ చీరలకు రాళ్లు అంటిస్తుంది. గట్టి నోరు, హిందీ దంచేస్తుంది. అంతటి నోరూ నల్లా తిప్పినప్పుడల్లా మూతపడిపోతుంది. నీళ్ల చప్పుడులో చచ్చిపోయిన కూతురు జమున గొంతు వినిపిస్తుంది. "అమ్మా, దూపైతుందే."

నిరుడు ఎండాకాలం ఆ పిల్లకు చేతులు, కాళ్లు వాచి ఎముకల్లో నొప్పి పుట్టింది. ఒంటికి నీరు పట్టిందన్నారు అందరూ. ఇంకా తాగిస్తే ముంచుకొస్తుందని జంగుబాయి చెంబు అందనంత ఎత్తున పెట్టింది. పిల్ల అడిగి అడిగి ఊరుకుంది. ఆసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది.

మొన్న ఆ వాడకు ఒక డాక్టరమ్మ వచ్చింది. గూడేల నుంచి వచ్చిన ఆడపిల్లల రక్తం మీద పరిశోధన చేసిన మనిషి. రక్తం తీసుకుని కంటికి కనబడకుండా పోయే బాపతు కాదు. తేలిందేమిటో తల్లులకే చెప్పాలని తిరిగి వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్లకు హిందీ అందదు గనక తెలుగులో చెప్పే పని జంగుబాయి మీద పడింది.

"నెత్తురు కణాలు కొడవలి లెక్క వంగుతయట. నరాలల్ల ఇరుక్కుంటయట. గందుకే నొప్పి, వాపు. గాలి గాదు, చేతబడి గాదు" అని గడగడా చెప్పుకుపోయింది.

నొప్పి వచ్చినప్పుడు నీళ్లు బాగా తాగించాలనీ, తగ్గిస్తే కణాలు ఇంకా ఇరుక్కుంటాయనీ, వెంటనే ఆసుపత్రికి తేవాలనీ అంది డాక్టరమ్మ. జంగుబాయికి తను ఎత్తున పెట్టిన చెంబు కళ్ల ముందు మెదిలింది.

"జల్ది దవాఖానకు తీస్కపోవాలె" అంది. నీళ్ల మాట మింగేసింది.

ముందు వరసలో భీంబాయి కూతురు మంగ, వాచిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పరీక్షలో ఆ పిల్లకూ ఇదే జబ్బు తేలింది. నీళ్లు కావాలని తల్లి కొంగు లాగింది.

భీంబాయి కసిరింది. "ఒంటికి నీరు పట్టింది గదనే, మళ్ల నీళ్లా?"

జమున దెయ్యమై వచ్చినా జంగుబాయికి ఇంత దగ్గరగా కూర్చోదు.

"తాపు అక్కా. నీళ్లు బాగ తాపాలెనని చెప్పింది డాక్టరమ్మ. నేనే చెప్పలే."

"ఏంది చెల్లె, గప్పుడొకటి గిప్పుడొకటి? తాపితే ఏమన్న అయితే?"

"తాపకపోతే ఏమైతదో నాకెరుక. జమున అడిగింది. నేను పొయ్యలే."

భీంబాయి బాటిల్ మూత తీసి కూతురి నోటికి అందించింది. ఒక చేత్తో తాగిస్తూనే, రెండో చేత్తో పిల్లను జంగుబాయికి దూరంగా జరుపుకుంది.