ఆవకాయ సీసాలో నది నీళ్ళు

అమెరికాలో, మెక్సికో సరిహద్దు పక్కనున్న యూమా ఊళ్ళో నేను పనిచేసిన ల్యాబ్ చిన్నది. కొలరాడో నది నీళ్ళలో ఉప్పు కొలవడమే మా పని. చుట్టుపక్కల పొలాల నుంచి వచ్చే మురుగునీరు ఉప్పును మోసుకొచ్చి నదిలో కలిపేది. ఆ నదే దిగువన మెక్సికోకి వెళ్ళాలి. పై ఆనకట్ట దగ్గరి నీళ్ళకంటే సరిహద్దు దగ్గరి నీళ్ళు ఒక హద్దుకు మించి ఉప్పగా ఉండకూడదని రెండు దేశాల ఒప్పందం. తేడా హద్దు దాటితే మురుగునీటిని నదిలో కలవనీయకుండా పక్క కాలవలోకి మళ్ళించేవారు. ఆ తేడా తేల్చేది నేను.

సీసాను ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిపి, నాలుగోసారి నింపాలి. ఈ విషయంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు కాస్త పొగరు కూడా.

1979 ఏప్రిల్‌లో ఒకరోజు పై ఆనకట్ట దగ్గర సీసా చేయి జారి పగిలింది. ఇంకొకటి తెచ్చుకోలేదు, వెనక్కి వెళ్ళడానికి బద్ధకం. స్నేహితురాలికి తిరిగి ఇవ్వాల్సిన ఆవకాయ సీసా కారులో ఉంది. సబ్బుతో రెండుసార్లు కడిగినదే. మూడుసార్లు తొలిపి, నింపి, మూత బిగించాను.

ఆ వారం పై నీళ్ళలో ఉప్పు బాగా ఎక్కువ వచ్చింది. దాంతో సరిహద్దుకీ దానికీ తేడా తగ్గిపోయింది. మురుగునీటిని కాలవలోకి మళ్ళించే పని తప్పిందని మా బాస్ ఈల వేసుకుంటూ తిరిగాడు.

మర్నాడు మెక్సికో వైపు కెమిస్టు ఫోన్ చేశారు. పెద్దాయన. సరిహద్దు ఆనకట్ట దగ్గర మేమిద్దరం ఎవరి సీసా వాళ్ళం ముంచి, సగం సగం మార్చుకుని పరీక్ష చేసేవాళ్ళం.

"పై నీళ్ళు ఒక్కసారిగా ఇంత ఉప్పగా ఎలా అయ్యాయమ్మా? ఇక్కడ ఈ ఉప్పు నీళ్ళకి మా తమ్ముడి చేలో ఉల్లి కొసలు మాడిపోతున్నాయి."

"నా అంకె సరైనదే," అని పెడసరంగా చెప్పి పెట్టేశాను.

ఆ సాయంత్రం సీసా కడుగుతూ, ఎందుకో మూతలోని రబ్బరు చుట్టును కత్తి మొనతో లాగాను. దాని కింద ఎర్రగా కారం, ఆవపిండి. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

మా ఆయనకు చెప్పాను.

"ఊరుకో. ఇంకా గ్రీన్ కార్డ్ రాలేదు. నీ జాబ్ పోతే ఇద్దరం బ్యాగులు సర్దుకోవాలి. ఒక్క వారం రీడింగేగా, ఎవరికి తెలుస్తుంది?"

"ఆయన తమ్ముడి ఉల్లికి తెలుస్తుందండీ," అన్నాను. అన్నానే గానీ నాకూ భయంగానే ఉంది.

పొద్దున్నే ఆ మూత తీసుకెళ్ళి బాస్ బల్ల మీద పెట్టాను. ఆవకాయంటే ఏమిటో ఒక అమెరికన్‌కి ఎనిమిది గంటలకు ఎలా వివరిస్తాం? వాసన చూసి తుమ్మాడు. ఆ తర్వాత మూతను తిప్పి తిప్పి చూశాడు. నేను నిలబడే ఉన్నాను.

"వెళ్ళి మళ్ళీ నింపుకురా. ల్యాబ్ సీసాలో," అన్నాడు చివరికి.

ఈసారి తేడా హద్దు దాటింది. ఆ మధ్యాహ్నమే మురుగునీటిని కాలవలోకి మళ్ళించారు. ఉద్యోగం పోలేదు, నా ఫైల్లో మాత్రం ఒక మందలింపు కాగితం చేరింది. పెద్దాయనకు నేనే ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన, "మా ఇంట్లో మిరపకాయల సీసా మూత కూడా అంతేనమ్మా, ఎంత కడిగినా పోదు," అన్నారు.

తర్వాతి నెల సరిహద్దు ఆనకట్ట దగ్గర కలిశాం. ముందు నా పరీక్ష ముగించి అంకె చెప్పాను. ఆయన పుస్తకం తెరిచి దాన్ని రాసుకున్నారు. ఆయన సీసా పొడిగా సంచిలోనే ఉంది.

"మీరు ముంచలేదు," అన్నాను.

"నువ్వు చెప్పావుగా."

నాకు ఏడుపొచ్చింది. సంచిలోంచి ఆ సీసా నేనే తీసి ఆయన చేతిలో పెట్టి, "వద్దండీ, నాది మళ్ళీ తప్పొచ్చు, మీరూ ముంచండి," అని బతిమాలాను.