మా ఊరి వార్తలు చదివే బొమ్మ

మెట్‌పల్లిలో మా లోకల్ ఛానల్‌కి చాలా ఏళ్లు వార్తలు చదివింది నేనే. ఇప్పుడు చదివేది ఒక కంప్యూటర్ బొమ్మ. ఏఐ అట! పట్టుచీర, బొట్టు, చెరగని నవ్వు. వాట్సాప్ గ్రూపుల్లోంచి వార్తలు అదే ఏరుకుంటుంది, అదే రాసుకుంటుంది, అదే చదువుతుంది. దాని వార్తల మధ్య వేసే ప్రకటనల కోసం నన్ను దుకాణాల వెంట తిప్పుతున్నారు. సవతికి నగలు తెచ్చిపెట్టే పని నాది.

మా అత్తమ్మ రోజూ ఫోన్ ముందేసుకుని మురిసిపోయేది.

"పిల్ల ఎంత మంచిగ చదువుతదే! జర గూడ తడబడది. నువ్వు మధ్యమధ్యల దగ్గుతుంటివి."

"అది పిల్ల కాదత్తమ్మా, మిషను!"

"ఏదైతేంది? దానికి పార్టీ లేదు, పగ లేదు."

నాకు ఒళ్లు మండిపోయేది.

మా దగ్గర గల్ఫ్‌లో ఎవరైనా పోతే, శవపెట్టె ఊరు చేరేదాకా భార్యకు చెప్పరు. దవాఖానలో ఉన్నాడని, నయమవుతుందని అంటారు. అప్పటిదాకా నేనూ ఆ వార్త ఆపేదాన్ని. అట్లా ఆపమని నాకెవరూ చెప్పలేదు, ఊరి పద్ధతే అది.

మొన్న మా వాడకట్టులో ఒకామె భర్త దుబాయ్‌లో గుండెపోటుతో పోయాడు. పెట్టె ఇంకా రాలేదు. బొమ్మ మాత్రం పేరు, ఫొటోతో సహా పొద్దున్నే చదివేసింది, అదే నవ్వుతో. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఫోన్‌లో విన్నది.

ఊరంతా బొమ్మను తిట్టిపోసింది. "నువ్వుంటే గిట్ల కాకపోవు" అని అత్తమ్మ కూడా అన్నది. ఆ ఒక్క మాట కోసం ఎంత కాచుకున్నానో! అదే ఊపులో భర్త పోయినామె ఇంటికి పోయి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"నేనైతే గట్ల చదువకపోదునక్కా. పెట్టె వచ్చేదాక ఆపుతుంటి."

ఆమె ఏడుపు ఆపి నా వైపు చూసింది.

"అంటే నీకు గూడ ఎర్కేనా?"

అవునన్నట్టు తల ఊపాను.

"మా అత్తకు ఎర్కే, మర్దికి ఎర్కే, నీకు ఎర్కే. అందరు నాతోని వండిపిచ్చుకొని తిన్నరు. నేనేమో ఆయన లేస్తడని దేవునికి మొక్కుకుంట కూసున్న. మీ అందరికంటె అదే నయం. అదొక్కటే నాకు నిజం చెప్పింది."

చెయ్యి విడిపించుకుంది.

బయటికి రాగానే నాకు ఏడుపు ఆగలేదు. పోయినాయన కోసమని చూసినవాళ్లు అనుకున్నారు. కాదు, కుళ్లు. ఇన్నేళ్లు వార్తలు చదివినా నా గురించి ఎవరూ అనని మాట, ఆమె ఆ బొమ్మ గురించి అన్నది.